కల్లు తాగే సీతాకోకచిలుక

కొడిమ్యాల ఐలయ్య ముప్పై ఆరేళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. రెండేళ్ల కింద చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకు జారి కిందపడి తుంటి విరిగింది. ఆయన చెట్లను ఇప్పుడు ఊళ్లోని మరో గీతగాడు రాజమౌళి గీస్తున్నాడు. ఊరికే కూర్చోలేక ఈ ఎండాకాలం భార్య బాలలక్ష్మికి సాయంగా బీడీలు చుట్టే తునికాకు కట్టలు కట్టసాగాడు. ఆమె పొద్దున్నే గుట్టకు పోయి ఆకు తెంపుకొస్తుంది. ఆయన అరుగు మీద కూర్చుని పేర్చి కడతాడు.

ఒకరోజు ఒక ఆకు వెనుక పచ్చగా ఏదో వేలాడుతోంది.

"గిదేందే? కాయనా?" అని భార్యను అడిగాడు.

"కాయ గాదు, పురుగు గూడు. పురుగు గూడ పచ్చగనే ఉంటది. రెండు దిక్కుల ఈకెలోలె ముండ్లు పరుసుకొని నడిమి ఈనె మీద పండుకుంటది. దగ్గరికి పోయేదాక కండ్లకు ఆనది. ఎన్నేండ్ల సంది ఇదిలిచ్చి పారేస్తున్ననో."

ఐలయ్య పారేయలేదు. ఆ ఆకును దారంతో కిటికీ చువ్వకు కట్టాడు. బాలలక్ష్మి నవ్వి తన పనిలో పడింది.

వారం దాటింది. ఆకు ఎండి ముడుచుకుపోయింది. తొమ్మిదో నాటి పొద్దున ఆమె వాకిలి ఊడ్చి వచ్చేసరికి గూడు పగిలి ఉంది. దాన్నే పట్టుకుని ఒక సీతాకోకచిలుక నలిగిన రెక్కలు సాపు చేసుకుంటోంది. నారింజ రెక్కలు, అంచున నల్లగీతలు. మూస్తే ఇటుక రంగు మీద తెల్ల మచ్చలు.

ఐలయ్య కర్ర ఊతంతో వచ్చి చూశాడు.

"గిది నాకెర్కనే!"

"నీకెట్ల ఎర్క?"

"పువ్వుల మీద అంతగ వాలదిది. కల్లు కారిన కాడ వాలుతది. కల్లుకుండ, గదే లొట్టి అంచుకు కూసొని తాగుతాంటే చేత్తోని జరిపినా లేవది. గన్నేండ్లు పొద్దుగాల నాతోని ఉన్నది గిదే."

బాలలక్ష్మి చీపురు పక్కన పెట్టింది.

"పురుగు నాకెర్క, రెక్కలు నీకెర్క. ఇద్దరం ఒక్క ఇంట్లనే ఉంటిమి," అంది. "అయితే నేను ఇదిలిచ్చినయన్ని గివేనా?"

ఎండ అరుగు మీదికి వచ్చేసరికి సీతాకోకచిలుక గోడ దాటి ఎగిరిపోయింది.

ఆ మరునాటి నుంచి పురుగున్న ఆకును ఆమె కొమ్మ మీదే వదిలేస్తోంది. ఆదివారం తానే అడిగింది: "ఏడ తాగుతదో నాకు జూపియ్యి."

ఆయన కుంటుతుంటే ఆమె అడుగు తగ్గించి నడిచింది. తాటిచెట్టు మొదట్లో రాజమౌళి కల్లు వంపుకున్న చోట నేల తడిగా ఉంది. దాని మీద మూడు సీతాకోకచిలుకలు నారింజ రెక్కలను మెల్లగా తెరుస్తూ మూస్తున్నాయి. బాలలక్ష్మి కొంగు సర్దుకుని పక్కనే గొంతుక్కూర్చుంది.