పత్తిబండ్ల నడుమ పొయ్యి

నంద్యాలలో మా ఇంటికీ బడికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డే. ఆళ్లగడ్డ బస్సులు దాని మీదే వచ్చిపోయేవి. మా చెల్లెలికి పుట్టుకతోనే చెవులు వినపడవు. అయినా ఒంటరిగా బడికి పోయి వచ్చేది. దూరాన దుమ్ము లేస్తే బస్సు వస్తున్నట్టు, ఆగేది. దుమ్ము అణిగాక దాటేది. బడి పక్కన పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు లేచేదాకా ఆ రోడ్డు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకున్నది లేదు.

మిల్లుకు అనుమతి ఇచ్చే ముందు రోడ్డు చూసిపోవడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆ వచ్చేదేదో పత్తి కాలంలో వస్తే సరిపోయేది. నడి ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బడికి సెలవులు. మా వసారా నీడలో నిలబడి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అటూ ఇటూ చూశాడు. రోడ్డు మీద ఒక కుక్క పడుకుని ఉంది.

"ఇంత ఖాళీ రోడ్డుకు ఇబ్బందేముంటుందండీ?" అన్నాడు.

మా నాయన ఆళ్లగడ్డలో బడిపంతులు. శనివారం ఇంటికి వచ్చి, ఆదివారం చర్చికి వెళ్లి, సోమవారం తెల్లవారి బస్సుకు పోయేవాడు. సెలవులు కాబట్టి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "పత్తి తీసే కాలంలో ఒకసారి వచ్చి చూడండి సార్" అని బతిమాలాడు. తప్పకుండా వస్తానన్నాడు ఆఫీసరు. మళ్లీ రాలేదు. ఆ మజ్జిగ ఇచ్చినందుకు నాకిప్పటికీ కోపమే.

పత్తి కాలం వచ్చింది. అవుకు వైపు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు దిగాయి. మిల్లు లోపల నాలుగు బండ్లు తిరిగే చోటు కూడా లేదు. మిగతావన్నీ మా వైపు రోడ్డంచున, ఒకదాని వెనక ఒకటి, మా ఇల్లు దాటి ఎంతో దూరం నిలబడేవి. బండివాళ్లకు వరసంటే ప్రాణం. జానెడు ఖాళీ వదిలితే వెనకవాడు దూరుతాడు, దూరితే కొట్లాట. అందుకని ఎవరూ ఖాళీ వదలరు. మా వైపు పిల్లలంతా బండ్ల కింద దూరి బడికి పోవాల్సి వచ్చింది.

నాయన మిల్లు గుమాస్తాతో మాట్లాడాడు. ఆయన మంచిగానే విని, బడి గేటుకు ఎదురుగా దోవ వదలమని రోడ్డు మీద సున్నంతో గీతలు గీయించాడు. సాయంత్రానికి బండి చక్రాలు వాటిని తుడిచేశాయి. మిల్లు వాళ్లకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని ఊళ్లో అనేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ఆ సామెత ఎవరమూ నోటికి రానిచ్చేవాళ్లం కాదు.

ఒకరోజు చెల్లెలు బండి కింద నుంచి దూరుతుంటే ఎద్దు కాలు తొక్కింది. వెనక నుంచి బండివాడు అరిచాడట. అరిస్తే దానికేం తెలుస్తుంది? బొటనవేలి గోరు ఊడింది, పలక ముక్కలైంది. అమ్మ కాలు కడిగి, పసుపు పెట్టి, గుడ్డ కట్టింది. ఎవరినీ తిట్టలేదు. అమ్మ తిట్టకపోవడం చూసి నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున్నే, బండ్లు వరస కట్టకముందే, అమ్మ మా ఇంటి ముందు రోడ్డంచున మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది. పత్తికీ నిప్పుకూ పొత్తు కుదరదు. ముందుగా వచ్చిన బండివాడు పగ్గం బిగబట్టాడు.

"ఏమ్మో, పత్తి బండ్లు నిలబడేకాడ పొయ్యి పెడతాండావే, తల చెడిందా?"

"చెడిందప్పా. బండి ఆ పక్కకు నిలుపుకో."

తిట్టుకుంటూ నిలుపుకున్నాడు. అతని వెనక వచ్చినవాడు ఈ పక్కన ఆగాడు. సున్నం గీతలు చేయలేని పని పొయ్యి చేసింది. రెండు బండ్ల మధ్య వీధి వాకిలంత దోవ ఏర్పడింది.

ఊరికే పొయ్యి పెట్టుకుని కూర్చుంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకని అమ్మ ఉగ్గాని, బజ్జీలు చేసింది, టీ కాచింది. తిట్టినవాళ్లే తిన్నారు. బడి వదిలే వేళకు చెల్లెలు అవతల గేటు దగ్గర నిలబడి అమ్మ చేతిలోని గరిటెను చూసేది. గరిటె పైకెత్తితే రావచ్చు, దించితే ఆగాలి. చెల్లెల్ని చూసి మిగతా పిల్లలు కూడా గరిటె కోసం చూడడం నేర్చుకున్నారు.

గుమాస్తా వచ్చాడు. "మిల్లుకు నిప్పంటుకుంటే ఎవురమ్మా జవాబుదారి?"

"నా బిడ్డకు బండి తగిలితే ఎవురన్నా జవాబుదారి?" అంది అమ్మ.

ఆయన్ను అట్లా పంపింది గానీ ఆ మాట అమ్మను వదల్లేదు. పక్కన నీళ్ల బకెట్టు, తడిపిన గోనెపట్టా ఎప్పుడూ ఉండేవి. గాలి లేస్తే చాలు, కొంగు నడుముకు బిగించి లేచి నిలబడేది. ఆదివారం ప్రార్థనలో అందరూ ఏమేమో అడుగుతుంటే అమ్మ గాలి రాకుండా చూడమని అడిగేది.

ఎనభైల్లోకి వచ్చేసరికి మిల్లు పెరిగింది. బండ్లు తగ్గి ట్రాక్టర్లు, పత్తి బేళ్లు తీసుకుపోయే లారీలు వచ్చాయి. లారీవాళ్లు పొయ్యికి భయపడలేదు. పైగా టీ కోసం సరిగ్గా పొయ్యి ముందే ఆపసాగారు. దోవ కోసం పెట్టిన పొయ్యి దోవకే అడ్డమైంది. అమ్మ కసిరితే, "తాగి పోతాంలే అక్కా" అని నవ్వేవాళ్లు.

ఒక శనివారం సాయంత్రం బడి వదిలారు. పొయ్యి ముందు లారీ ఉంది. అమ్మ గరిటె దించే పట్టుకుంది, కానీ చెల్లెలికి గరిటె కనపడలేదు, లారీయే కనపడింది. గరిటె కోసం వెతుక్కుంటూ ఒక్కో అడుగే ముందుకు వేసింది. ఆళ్లగడ్డ బస్సు హారన్ మోగుతూనే ఉంది. మేమందరం విన్నాం. బస్సు పక్కకు ఒరిగి, చెల్లెలి పావడాకు తగిలేంత దగ్గరగా ఆగింది. చెల్లెలు బస్సువైపు చూడనే లేదు. ఇంకా గరిటె కోసమే చూస్తోంది.

ఎవరికేమైందోనని బస్సు దిగినవాళ్లలో మా నాయన ఉన్నాడు. కూతుర్ని చూసి, చేతిసంచి వదిలేసి రోడ్డు మీదే కూలబడ్డాడు. నాయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

అమ్మ మరుగుతున్న టీ తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది. ఆ తర్వాత వెలిగించలేదు. రోజూ తానే చేయి పట్టుకుని చెల్లెల్ని దాటించేది. ఎదిగిన పిల్ల కదా, సిగ్గుపడి చేయి గుంజుకునేది. అమ్మ వదిలేది కాదు.

మిల్లును ఇంకా పెంచుతారని తెలిసిన ఏడు, రోడ్డు చూడడానికి ఇంకో ఆఫీసరు వచ్చాడు. ఈయనా ఎండాకాలంలోనే వచ్చాడు. రోడ్డు ఖాళీగా ఉంది. ఈసారి అమ్మ మజ్జిగ ఇవ్వలేదు. ఆయన మా ఇంటి ముందు మసిబారిన మూడు రాళ్లను చెప్పుతో కదిపి, "ఇక్కడ ఏముండేదమ్మా?" అని అడిగాడు.

అమ్మ చెల్లెలి చేయి పట్టుకునే ఉంది.

"దోవుండె సార్" అంది.