నల్ల చొక్కా మీది గాయకుడు

రాయచెర్లు దగ్గర సోలార్ పార్కులో గడ్డి కోసే ఆడవాళ్లు సాయంత్రం నేనున్న బస్సెక్కారు. అందరూ చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కున్నారు. నా పక్కన కూర్చున్నామె చొక్కా నల్లది. దాని మీద, నేను పుట్టకముందే చిన్న వయసులో చనిపోయిన ఒక పొడుగు జుట్టు రాక్ గాయకుడి బొమ్మ. తనే రాసి తనే పాడిన అతని పాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నా చూపు ఆమె గమనించింది.

"ఈయప్ప నీకు తెలుసా పాపా?"

తలూపాను.

"ఆ జుట్టు సామి ఏ ఊరి దేవుడో అడగవే!" వెనక సీటామె నవ్వింది.

"నువ్వుండే!" అని కసిరి, ఆమె నా వైపు తిరిగింది. "నా కొడుకు చొక్కా ఇది. పోయినేడు బైకు మింద పోతా లారీ కింద పడి సచ్చిపోయినాడు. పొద్దస్తమానం ఈయప్ప పాటలే పెట్టుకుంటా ఉండె. ఏందిరా ఆ అరుపులు, ఆపు అని తిడతా ఉంటి. ఎందుకట్లా అరుస్తాడు పాపా? ఎవురి మిందన్నా కోపమా?"

ఆ పాటల్లో ఉన్నది కోపమే. అదీ కన్నవాళ్ల మీద.

"కోపం కాదమ్మా," అన్నాను. "వాళ్లమ్మను పిలుస్తాడు."

ఆమె తల వంచి చొక్కా మీది బొమ్మను చూసుకుంది.

"అమ్మను పిలుస్తాంటే నేను ఆపమంటినే," అంది.

నేను చెప్పింది అబద్ధమని ఆమెకు చెప్పలేదు. ఆమె ఊరు రాగానే దిగిపోయింది.

ఆ పాటలు ఇప్పటికీ వింటాను. అతను అరవడం మొదలుపెట్టగానే ఆపబోతాను. ఆపలేక చివరిదాకా వింటాను.