మొదటి రోజు మెరుపు

మొన్న మా మనవడు కారుకు పూయడానికి ఏదో సీసా తెచ్చాడు. దాని మీద నానో అని, సిరామిక్ అని, జీవితకాలం రక్షణ అని రాసి ఉంది. ఎవరి జీవితకాలమని అడిగాను. వాడు నవ్వి, నీకు తెలియదులే నానమ్మా అన్నాడు. నాకు తెలియకపోవడమేమిటి? ఆ జాతి మాటలతో నాకు వాడు పుట్టకముందు నుంచీ పరిచయం ఉంది. అవి మా ఇంటికి వచ్చి ఏం పట్టుకుపోయాయో వాడికి ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను మెండోర నుంచి కోడలిగా ఆర్మూరు వచ్చినప్పుడు ఆ ఇంటి ముందు ఒక నల్ల కారు ఉండేది. మా ఆయనా, వాళ్ళ అన్న మా బావగారూ కలిసి నిజామాబాదులో ఒక డాక్టరు దగ్గర పాతది కొన్నారు. బావగారు దాన్ని కిరాయికి నడిపేవాడు. పసుపు కొనడానికి వచ్చే షావుకార్లను నిజామాబాదు స్టేషను నుంచి తీసుకురావడం, పెళ్ళిళ్ళకు పోవడం, ఎవరికైనా కష్టమొస్తే పెద్ద దవాఖానకు తీసుకుపోవడం ఆయన పని. మా ఆయన అప్పటికి మార్కెట్లో తూకం దగ్గర ఉండేవాడు. బావగారి భార్య పెళ్ళైన కొద్దికాలానికే పోయిందట. ఆయన మళ్ళీ చేసుకోలేదు. ఇంట్లో ఆయనా, మేమిద్దరం, మా అత్తమ్మా, అంతే.

కారు నడపక ముందు బావగారు మార్కెట్లో పసుపు బస్తాల మీద గుర్తులు వేసేవాడు. ఏ బస్తా ఏ షావుకారుదో తెలియడానికి కుంచెతో ఎర్ర రంగు గుర్తు వేయాలి. ఆ కుంచె, కొంచెం రంగు ఆయన దగ్గర మిగిలి ఉన్నాయి. ఒకనాడు పొద్దున వాకిట్లో గొంతుక్కూర్చుని, డ్రైవరు వైపు తలుపు మీద రెండు మాటలు రాశాడు. నేను పక్కనే బియ్యం చెరుగుతున్నాను. అత్తమ్మ చేట దాటి వచ్చి నిలబడింది. ఆమెకు అక్షరాలు రావు.

"ఏం రాస్తున్నవ్ కొడుకా?"

"అమ్మ దీవెన అని రాసిన్నే అమ్మా."

"నేను రోజు నోటితోని దీవిస్తనే ఉన్న కద. మళ్ళ రాసుడెందుకు?"

"నువ్వు ఇంట్ల ఉంటవ్. కారు నిజామాబాద్ల ఉంటది. గందుకు."

ఆ పూట అత్తమ్మ అందరికీ బువ్వలో నెయ్యి ఎక్కువ వేసింది. బస్తాల రంగు కదా, చిక్కగా ఉండి అక్షరాలు తలుపు మీద కాస్త ఉబ్బి నిలిచాయి. చివరి అక్షరం కింద రంగు ఒక చారగా కారింది. తుడుస్తానని ఆయన గుడ్డ తెచ్చేలోపే ఎండిపోయింది. పోనీలే అన్నాడు.

మరుసటి వానాకాలం బావగారికి విషజ్వరం వచ్చింది. ఆ కారులోనే మా ఆయన నిజామాబాదు తీసుకుపోయాడు, ఆ కారులోనే ప్రాణం లేని మనిషిని తిరిగి తెచ్చాడు. అప్పటికి బావగారికి తల నెరవనేలేదు. ఆ తర్వాత మా ఆయన తూకం పని మానేసి కారు నడపడం మొదలుపెట్టాడు.

అత్తమ్మకు అప్పటినుంచి ఒక అలవాటైంది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, చల్లి, పసుపూ కుంకుమా ఉన్న గిన్నెతో కారు దగ్గరికి పోయేది. ముందు బొట్టు పెట్టి, తలుపు దగ్గరికి వచ్చి, చూపుడు వేలు మొదటి అక్షరం మీద పెట్టేది. పెద్దకొడుకు కుంచె ఎటు పోయిందో ఆమె వేలు అటే పోయేది. ఎక్కడ మొదలైందో అక్కడ మొదలుపెట్టి, ఎక్కడ వంగిందో అక్కడ వంగి, చివరికి ఆ కారిన చార మీదుగా కిందికి దిగి ఆగేది. అది అయ్యేదాకా మా ఆయన బండి స్టార్ట్ చేసేవాడు కాదు. షావుకారు రైలు దిగి ఎదురుచూస్తున్నా సరే. ఆ కొడుకు ఫోటో ఒక్కటి కూడా లేదు ఆ ఇంట్లో. చేతి గుర్తుగా మిగిలింది ఆ తలుపే.

ఎండకు, దుమ్ముకు ఆ ఎరుపు ఏడాదికేడాది వెలిసిపోతూ వచ్చింది. ఒకరోజు అత్తమ్మ పొయ్యి దగ్గర నాతో మెల్లగా అన్నది, "రంగు సన్నబడుతున్నది బిడ్డా. వేలుకు తెలుస్తున్నది." ఆ మాట మా ఆయన కూడా విన్నాడు. విని తల వంచుకుని అన్నం తిన్నాడు.

ఆ సంగతి మనసులో మెదులుతున్న రోజుల్లోనే ఆ ఏజెంటు వచ్చాడు. పసుపు సీజను. అంకాపూర్, ఆలూర్ వైపు నుంచి బండ్లు దిగుతున్నాయి, ఊరంతా పచ్చని దుమ్ము. తెల్ల ప్యాంటు వేసుకున్న ఒక మనిషి తోలు సంచీతో కారున్న ఇళ్ళు వెతుక్కుంటూ వచ్చాడు. ఆర్మూరులో కార్లు ఎన్నని, తొందరగానే మా వాకిలి దొరికింది. సంచీలోంచి గుండ్రటి డబ్బా, మెత్తటి తెల్ల గుడ్డ తీశాడు. బానెట్టు మీద ఒక పక్క కొంచెం పూసి, గుడ్డతో వేళ్ళు ఆనీ ఆననట్టు తుడిచాడు. అబద్ధమెందుకు చెప్పాలి, ఆ పక్క నిజంగానే తళతళలాడింది. మా కొట్టం కప్పు అందులో కనబడింది.

తర్వాత ఒక కరపత్రం ఇచ్చాడు. ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఏడో తరగతి దాకా చదివాను. పైకి చదవమన్నారు, చదివాను. శాస్త్రీయ రహస్య మిశ్రమము. వజ్ర కవచము. శాశ్వత మెరుపు. మీ కారు మొదటి రోజు ఎట్లుండెనో అట్లు. వెలిసిన రంగులకు పునర్జన్మ.

నాకు చిన్నప్పటి నుంచీ పెద్ద మాటలంటే ఒళ్ళు మంట. "శాశ్వతమంటే ఎన్నేండ్లు?" అని అడిగాను.

"శాశ్వతమంటే శాశ్వతమేనండీ."

"మరి అయిపోతే ఇంకో డబ్బా ఎందుకు అమ్ముతున్నరు?"

అతను నా వైపు కాకుండా మా ఆయన వైపు తిరిగి, ఇది సైన్సండీ, ఆడవాళ్ళకు చెప్పినా అర్థం కాదు అన్నాడు. వజ్రం ఎన్ని పాళ్ళు కలిసిందో కూడా అడుగుదామనుకున్నాను. ఇంతలో గడప మీద కూర్చున్న అత్తమ్మ నన్ను పిలిచింది.

"గా ఆఖరుకు చదివినవ్ చూడు, గదేంది బిడ్డా?"

"పునర్జన్మ, అత్తమ్మా."

"అంటే?"

"మళ్ళ పుట్టుడు."

ఆమె చూపు తలుపు మీద ఉంది. తర్వాత మా ఆయనతో, "తీస్కో కొడుకా" అన్నది.

ఇన్నేళ్ళలో నా కోపం తగ్గనిది అక్కడే. ఆ కరపత్రం రాసినవాడు ఎక్కడో ఊళ్ళో కుర్చీలో కూర్చుని, రంగు గురించి చెప్పడానికి అంత మాట వాడాడు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి గడప మీద కూర్చుని ఆ మాట వింటుందని వాడికి తోచి ఉండదు. మేము ఆ రోజు కొన్నది డబ్బా కాదు, ఆ మాట.

తెల్లవారి మా ఆయన పనికి పోకుండా కారు కడిగాడు. డబ్బా మూత తీసి గుడ్డ కోసం వెతికాడు. ఏజెంటు తన తెల్ల గుడ్డ తను పట్టుకుపోయాడు. నేను పాత ధోవతి చింపి ఇచ్చాను. అత్తమ్మ దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. ఆమె వయసులో ఉన్నప్పుడు పసుపు మెరుగు కూలికి పోయేది. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను గోనెపట్టల మధ్య వేసి, పైపొట్టు రాలి బంగారు రంగు తేలేదాకా బలంగా రుద్దాలి. ఆర్మూరులో ఎవరి చేతులకైనా తెలిసిన పద్ధతి అదే. ఎంత గట్టిగా రుద్దితే అంత మెరుపు, అంత ధర.

"మెత్తగ తుడిస్తె మెరుపొస్తదా కొడుకా? గోనె పెట్టి రుద్దు" అని లోపలికి పోయి మంచి గోనెపట్ట ఒకటి దులిపి తెచ్చి ఇచ్చింది.

మాకెవ్వరికీ అందులో తప్పు కనబడలేదు. నాకూ కనబడలేదు. ఆయన ముందుగా తలుపే మొదలుపెట్టాడు, అమ్మ కోసం. అక్షరాల మీద మందు దండిగా పూసి, కాసేపు నాననిచ్చి, గోనె చుట్టిన చేత్తో బరువంతా వేసి రుద్దాడు. నేను నీళ్ళు తెచ్చేసరికి ఆయన ఆగిపోయి ఉన్నాడు. తలుపు నల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. దాని మీద ఏమీ లేదు. గోనె మీద ఎర్రగా ఉంది.

డబ్బా అడుగున సన్నటి ఇంగ్లీషు అక్షరాలుండేవి. తర్వాత కారెక్కిన ఒక స్కూలు మాస్టారు చదివి చెప్పాడు. మెత్తటి గుడ్డ మాత్రమే వాడాలి, చేత్తో రాసిన రంగుల మీద పూయరాదు అని ఉందట. గొప్పలన్నీ తెలుగులో రాసి జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో రాశారు. అయినా వాళ్ళు చెప్పింది చేశారనే అనాలి. మొదటి రోజు ఎట్లుండెనో అట్లు అన్నారు. మొదటి రోజు ఆ తలుపు మీద మా బావగారి చేయి పడలేదు కదా.

మా ఆయన గోనె చేతిలో పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. అత్తమ్మ వచ్చి చూసింది. వంగి కొడుకు చేతిలోంచి ఆ గోనెపట్ట తీసుకుని, ఎరుపు లోపలికి వచ్చేటట్టు మడిచి, తన మంచం కింద పెట్టుకుంది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు పొద్దున నాకు వాకిట్లోకి రావాలంటే భయమేసింది. ఆమె మాత్రం ఎప్పటిలాగే ఊడ్చింది, చల్లింది, గిన్నె పట్టుకుని కారు దగ్గరికి పోయింది. బొట్టు పెట్టింది. తలుపు ముందు నిలబడి, తడి పసుపులో వేలు ముంచింది. ఆ నున్నటి నలుపు మీద వేలు ఆనించింది. అది కదిలింది.

నేను చేతిలో బిందె దించడం మరిచిపోయాను. ఆమెకు అ అంటే తెలియదు, మ అంటే తెలియదు. ఇన్నాళ్ళూ కొడుకు గీత మీద నడిచిన వేలు, గీత లేకపోయినా అదే దారిన నడిచింది. అమ్మ దీవెన. అదే వాలు, అదే ఎడం. చివరి అక్షరం అయ్యాక ఆగకుండా కింద ఆ కారిన చార కూడా గీసింది. అదీ అక్షరమే అనుకుందో, కొడుకుది కాబట్టి వదలలేదో నేను అడగలేదు.

"అత్తమ్మా, నువ్వు రాసినవ్" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

"నాకేం రాసుడొస్తది బిడ్డా. వాడు రాసిందే" అన్నది.

మా ఆయన గుంజ పక్కన నిలబడి చూశాడు. ఆ వారంలోనే బస్తాల మీద గుర్తులు వేసే మనిషిని తీసుకొచ్చాడు, ఎర్ర రంగుతో మళ్ళీ రాయించడానికి. అత్తమ్మ ఆ మనిషికి చాయ్ పోసి పంపించేసింది. "ఆయన రాస్తె ఆయనదైతది" అన్నది.

పసుపుతో రాసింది ఎంతసేపు ఉంటుంది? అంకాపూర్ దాటేసరికి ఎండి, నిజామాబాదు చేరేసరికి దుమ్ములో కలిసిపోయేది. తెల్లవారి ఆమె మళ్ళీ రాసేది. తను బతికినన్నాళ్ళూ రాసింది. చూపు తగ్గిన తర్వాత నేను చేయి పట్టుకుని తలుపు దాకా తీసుకుపోతే చాలు, మిగతాది వేలు చూసుకునేది. ఆ ఏజెంటు మళ్ళీ రాలేదు. అతని శాశ్వత మెరుపు ఆ వానాకాలం గడవకుండానే మసకబారింది.

అట్లా పదేళ్ళు గడిచాక, ఒక ఎండాకాలం, పొద్దున తలుపు మీద రాసి వచ్చి మంచంలో పడుకున్న మనిషి మధ్యాహ్నం లేవలేదు. ఆ రోజు కారు కిరాయికి పోలేదు. కర్మలన్నీ అయ్యాక మా ఆయన కారు కడిగాడు. బానెట్టు, వెనక, అద్దాలు అన్నీ కడిగి ఆ ఒక్క తలుపు వదిలేశాడు. కారు బయటికి తీయనేలేదు. పాత యజమాని దగ్గర తూకం పనికి పోయాడు. పసుపు ఎండి, పలచనై, ఇంకా చదవడానికి వస్తూనే ఉంది.

మొదటి వాన సాయంత్రం పడింది. మబ్బు పట్టగానే ఆయన మార్కెట్టు నుంచి పరుగున వచ్చాడు. నేరుగా లోపలికి పోయి, అత్తమ్మ మంచం కింద చేయి పెట్టి ఆ మడిచిన గోనెపట్ట తీశాడు. వాకిట్లోకి పోయి తలుపుకు దాన్ని రెండు చేతులతో అడ్డం పట్టుకుని, తగలకుండా, నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను పిలవలేదు. వాన వెలిసేదాకా ఆయన అట్లాగే నిలబడి తడిశాడు.