ఇంజను పుట్టిన ఊరికి శుక్రవారం నాడే

“అక్కడ ఏముంది అంకుల్?”

ఈ ప్రశ్న నన్ను ఇప్పటికి తొమ్మిదిమంది అడిగారు. పోయిన ఆదివారం పార్కులో మనవాళ్ళందరూ బార్బీ, అదే బార్బెక్యూ, పెట్టుకున్నప్పుడు, పెనం మీద చికెన్ ముక్కలు తిప్పుతున్న కుర్ర డాక్టరుగారు తొమ్మిదోవాడు.

“లండన్ దాకా వెళ్ళి ఆ చిన్న టౌన్‌లో టూ డేసా అంకుల్? ఒక చర్చి, ఒక మార్కెట్టు, నాలుగు టీ షాపులు. ఫుల్ బోర్. దాని బదులు పారిస్ కొట్టేయండి, ట్రైన్‌లో జస్ట్ టూ అవర్స్.”

పారిస్‌లో ఏముందని ఆయన్ని ఎవరూ అడగరు. నా కోపమంతా అక్కడే. పేరున్న ఊరికి పోయేవాడు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. పేరులేని ఊరికి పోతానన్నవాడు మాత్రం ఊరందరికీ సంజాయిషీ ఇచ్చుకోవాలి. సరే, ఇస్తాను.

మా అమ్మాయీ అల్లుడూ మెల్బోర్న్ పడమటి కొసన ట్రుగనీనాలో ఉంటారు. మా ఆవిడ పోయాక నేనూ వాళ్ళ దగ్గరికే వచ్చేశాను. మే నెలాఖరున అల్లుడి పెదనాన్నగారి అబ్బాయి ఇంగ్లండులో కొత్త ఇంట్లో చేరుతున్నాడు. ఆ గృహప్రవేశానికి మేమంతా వెళుతున్నాం. ఒక శనివారం దిగి, పై శనివారం తిరుగు విమానం ఎక్కాలి. ఆ వారంలో రెండు రోజులు నాకు కావాలన్నాను. నేను అడిగింది అంతే.

ఆ ఊరిని నేనెప్పుడూ చూడలేదు. కానీ నేను ఇంగ్లీషులో చదివిన మొదటి మాట దాని పేరే.

ఇరవైమూడో ఏట గోదావరి జిల్లాలో ఒక రైసుమిల్లులో ఇంజను డ్రైవరుగా చేరాను. చదువు ఐదో తరగతి. అది ఒంటి సిలిండరు ఆయిలింజను, దాని ఫ్లైవీలు నా తలకన్నా ఎత్తు. ఇంజను ఒంటికి ఇత్తడి పలక ఉండేది. పైన కంపెనీ పేరు, కింద ఊరి పేరు, దాని కింద ఇంగ్లండ్. రోజూ పొద్దున్నే ఆ పలకను చింతపండుతో తోమేవాణ్ణి. తోమగా తోమగా ఆ అక్షరాలు ముందు వేళ్ళకు వచ్చాయి, తర్వాతే కంటికి వచ్చాయి. మధ్యాహ్నం మిల్లు ఆగినప్పుడు అవే అక్షరాలు సుద్దముక్కతో గోడమీద రాసేవాణ్ణి.

ఇంజనుతో పాటు వచ్చిన పుస్తకం ఓనరుగారి బీరువాలో ఉండేది. “నీకెందుకోయ్ అది?” అన్నారాయన. మూడుసార్లు అడిగితే ఇచ్చారు. ఏలూరు వెళ్ళి పాత డిక్షనరీ ఒకటి కొనుక్కున్నాను. పేజీకి నెల పట్టింది. నా బడి అదే, నా మాస్టారూ ఆ పుస్తకమే.

అందులో ఒకచోట తప్పుంది. గాలి పీల్చే వాల్వుకూ, పొగ వదిలే వాల్వుకూ ఉంచాల్సిన సందుల కొలతలు ఒకదాని చోట ఒకటి అచ్చయ్యాయి. పొగ వాల్వు ఎక్కువ కాగుతుంది, కాగితే సాగుతుంది, కాబట్టి సందు దానికే ఎక్కువ ఉండాలి. ఇంజను పక్కన ఆరునెలలు కూర్చున్న ఎవడికైనా తెలిసే సంగతి. రిపేరుకు పట్నం నుంచి వచ్చిన డిగ్రీ ఇంజనీరుకు చూపించాను.

“ఐదో క్లాసువాడివి, దొరల పుస్తకంలో తప్పు పడతావుట్రా?” అని మిల్లు జనం ముందు పకపకా నవ్వాడు. చొక్కా జేబు మీద ఇంకు మరక ఉంది ఆయనకి. అర్ధశతాబ్దం దాటింది, ఆ మరక ఎంత ఉందో ఇప్పటికీ గీసి చూపించగలను.

ఆ కసితోనే డిక్షనరీ ముందు పెట్టుకుని, పుస్తకం వెనక అట్టమీదున్న అడ్రసుకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. మూడు నెలలకు జవాబు వచ్చింది. “డియర్ సర్” అని మొదలుపెట్టారు. మీరు చెప్పింది సరైనదే, పొరపాటు మాదే, దిద్దిన పేజీ దీంతో పంపుతున్నాం, మీకు మా కృతజ్ఞతలు. అంతే, నాలుగు వాక్యాలు. అప్పటిదాకా నన్ను సర్ అన్నవాడు లేడు, మా ఊళ్ళో ఆ తర్వాతా లేడు. ఆ కాగితం ఒక తుఫానులో ఇంటి కప్పుతో పాటే కొట్టుకుపోయింది. కాబట్టి మీరు నా మాటే నమ్మాలి.

ఇదీ అక్కడ ఉన్నది.

మా అమ్మాయికి ఈ కథ చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే కథ జోలికి పోకుండా మ్యాపు తెరిచి చూపించింది.

“చూడండి నాన్నా, ఫ్యాక్టరీ ఎక్కడుంది? అంతా అపార్ట్‌మెంట్స్ కట్టేశారు.”

“గోడలు పోతే పోయాయి. మనుషులుంటారు. పాతికేళ్ళ కిందటి దాకా నడిచిన కంపెనీ అది. అందులో పనిచేసినవాళ్ళు నా ఈడువాళ్ళో, కాస్త చిన్నవాళ్ళో.”

“వాళ్ళని ఎక్కడ పట్టుకుంటారు? ఇంటింటికీ వెళ్ళి డోర్ కొడతారా?”

“సంతలో పట్టుకుంటాను.”

నవ్వింది. కానీ నాకు తెలిసిన లోకంలో మనిషిని వెతకడానికి అంతకన్నా మంచి దారి లేదు. మా వైపు పొరుగూళ్ళో ఎవరితో పని పడినా సంతరోజే వెళ్ళేవాళ్ళం. కొనేది ఉన్నా లేకపోయినా, నడవగలిగిన ప్రతి ముసలాడూ ఆ రోజు వీధిలోకి వస్తాడు. పని మానేసిన మెకానిక్కు సంతరోజు ఇంట్లో కూర్చోడు. ఇంగ్లండు వాడైతే మాత్రం కూర్చుంటాడా? ఆ ఊరి సంత శుక్రవారం. వందల ఏళ్ళుగా శుక్రవారమేనట.

మా అల్లుడు నాకు మంగళ, బుధవారాలు ఇచ్చాడు.

“మంగళవారం వెళ్ళి ఏం చెయ్యనండీ అల్లుడుగారూ? ఖాళీ వీధి చూసి రానా? నాకు శుక్రవారం కావాలి.”

“ఫ్రైడే అంటే కష్టం మావయ్యగారూ. ఫ్రైడే మార్నింగ్ సెవెన్ థర్టీటూకి ముహూర్తం. సాటర్డే ఫ్లైట్. మనం వెళ్ళేదే గృహప్రవేశానికి కదండీ.”

“ఇంకోసారి వెళ్ళినప్పుడు చూద్దాంలే నాన్నా” అంది అమ్మాయి. అనేసి తల దించుకుంది. ఎందుకంటే ఇంకోసారి లేదు. ఇంత దూరం ప్రయాణానికి ఈ ఒక్కసారికే నా డాక్టరు సరేనన్నాడు, అదీ గుండె పరీక్షలన్నీ రెండుసార్లు చేయించాక. ఆ శుక్రవారం తప్పితే నాకు మరో శుక్రవారం లేదని మా ముగ్గురికీ తెలుసు.

రెండు రోజులు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఫోనులోకి శుభలేఖ వచ్చింది. తామరపూలు, కలశం, కింద ముహూర్తం. శుక్రవారం, అనూరాధ నక్షత్రం, ఉదయం ఏడు గంటల ముప్పై రెండు నిమిషాలకు. కోపంలో ఉన్నవాడు దేన్నయినా రెండుసార్లు చదువుతాడు. నేను మూడుసార్లు చదివాను.

ముహూర్తాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇంజను ముహూర్తం చూసి తిరగదు, నూనె ఉంటే తిరుగుతుంది. కానీ పంచాంగం చదవడం నేర్చుకున్నాను, అందులో ఉన్నది లెక్క కాబట్టి. విజయవాడ పంచాంగం తీసి చూశాను. అనూరాధ శుక్రవారం ఉదయం పదిన్నర దాకా ఉంది. ఆ తర్వాత జ్యేష్ఠ, అది గృహప్రవేశానికి పనికిరాదు. అయితే ఆ పదిన్నర విజయవాడ గడియారంలో పదిన్నర. ఇంగ్లండులో అప్పుడు ఉదయం ఆరే. అంటే వాళ్ళ ఏడూ ముప్పై రెండుకి అనూరాధ వెళ్ళిపోయి గంటన్నర అవుతుంది. ట్రుగనీనాలో ఈ ఇంట్లో చేరినప్పుడు గుళ్ళో అడిగి మెల్బోర్న్ లెక్క వేయించుకున్నాం కాబట్టి ఈ సంగతి నాకు తట్టింది. లేకపోతే నేనూ చదివి ఊరుకునేవాణ్ణే.

సాయంత్రం టీ దగ్గర చెప్పాను. అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

“నిజం చెప్పండి నాన్నా. ఇదంతా మీ సంత కోసమేగా?”

“సంత కోసమే చూశాను. చూస్తే తప్పు కనబడింది. దేనికోసం చూసినా తప్పు తప్పే కదా?”

“ఇంజను పుస్తకం అయిపోయింది, ఇప్పుడు పంచాంగం మీద పడ్డారు!”

అల్లుడు మాత్రం కాగితం తీసుకుని లెక్క వేశాడు. బ్యాంకులో లెక్కలు చూసే మనిషి, లెక్క అంటే గౌరవం ఉంది. రెండుసార్లు వేసి ఫోను తీశాడు. ఇంగ్లండులో ఉన్న వాళ్ళ అన్నగారి గొంతు స్పీకరులో వినబడింది.

“టైమ్ కన్వర్ట్ చేశావా అన్నయ్యా?”

“ఏ టైమ్‌రా?”

“ముహూర్తం టైమ్.”

“దాన్ని కన్వర్ట్ చేసేదేంట్రా? సెవెన్ థర్టీటూ అంటే సెవెన్ థర్టీటూనే. మా పెళ్ళికి పెట్టిన పంతులుగారే పెట్టారు. అమ్మ వెళ్ళి అడిగొచ్చింది.”

“ఇల్లు ఇంగ్లండులో అని పెద్దమ్మ చెప్పిందా ఆయనకి?”

 “ఉండు, అమ్మని లైన్‌లోకి తీసుకుంటా” అన్నాడు.

గుంటూరు నుంచి ఆవిడ లైన్‌లోకి వచ్చింది. “మా అబ్బాయి కొత్త ఇంట్లో చేరుతున్నాడండీ, మంచిరోజు చూడండని అడిగాను. ఏ ఊళ్ళో అని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. అదేంట్రా, నక్షత్రాలు కూడా దేశానికో రకంగా ఉంటాయా?”

నాకు నవ్వు ఆగలేదు. మా అమ్మాయి ముందు కళ్ళెర్రజేసింది, తర్వాత తనూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ వెంటనే పంతులుగారికి ఫోను చేసింది. పాపం ఆయన ఆ ఇల్లు నరసరావుపేటలో అనుకున్నారట. మర్నాడు లెక్కంతా మళ్ళీ వేసి చెప్పారు. ఇంగ్లండు గడియారం ప్రకారం గురువారం ఉదయం ఎనిమిదీ పది. శుక్రవారం పనికిరాదు.

“వంటవాళ్ళకి చెప్పాలి, హాలువాళ్ళకి చెప్పాలి, అందరికీ మళ్ళీ కార్డు పంపాలి” అని ఆ అన్నగారు గొణిగాడు. చివర్లో, “థాంక్స్ అంకుల్. జ్యేష్ఠలో చేరామని అమ్మకి తర్వాత తెలిసుంటే నన్ను బతకనిచ్చేది కాదు” అన్నాడు. ఆయన థాంక్సు నేను తీసుకున్నాను. నా స్వార్థం సంగతి ఆయనకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

గురువారం భోజనాలయ్యాక రైలు, రాత్రికి ఆ ఊళ్ళో బస, శుక్రవారం సంత. అల్లుడు తనూ వస్తానన్నాడు. బస కోసం ఒక పాత సత్రం లాంటి హోటలు చూశాడు. నేను అడగకుండానే నంబరు కలిపి ఫోను నా చేతికిచ్చాడు.

“మీరే మాట్లాడండి మావయ్యగారూ. ఏం అడగాలో మీకే తెలుసు.”

మాకు సాయంత్రం ఏడు, వాళ్ళకు ఉదయం పది. ఎత్తినది ఒక నడివయసావిడ. నా ఇంగ్లీషు పుస్తకం ఇంగ్లీషు, వాక్యం కూడబలుక్కుంటే గాని రాదు. ఆవిడ తొందరపెట్టలేదు. మీ ఊళ్ళో తయారైన ఇంజను నేను నడిపాను, దాన్ని చేసినవాళ్ళు ఎవరైనా శుక్రవారం సంతకు వస్తారా అని అడిగాను.

“ఎందుకు రారు?” అందావిడ. “చీజు అమ్మే బండి పక్కన బెంచీ ఉంటుంది, పదిన్నరకల్లా అక్కడ చేరతారు. నలుగురో ఐదుగురో. మా మామగారు కూడా. ఇంజన్లు బయటికి పంపేముందు తిప్పి చూసే షెడ్డులో ఆయన ముప్పై ఏళ్ళు చేశారు. చెవులు కొంచెం మందం, గట్టిగా మాట్లాడండి. మధ్యాహ్నం రెండింటికి బండ్లు సర్దేస్తారు, ఆలస్యం చెయ్యకండి.”

ముందుగా వాళ్ళకు ఏమైనా చెప్పమంటారా అని అడిగింది.

ఇది నేను కూడబలుక్కోలేదు. దానంతట అదే వచ్చింది. “ముప్పై ఒక్క ఏళ్ళు తిరిగిందని చెప్పండి. మేము ఆపిన రోజున కూడా అందులో ఏ లోపమూ లేదు. కరెంటు మోటారు వచ్చిందని ఆపాం. ఆ సంగతి చేసినవాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.”

“రాసుకుంటున్నాను” అంది ఆవిడ. నిజంగానే రాసుకుంది. చివరి మాట మళ్ళీ అడిగి సరిచూసుకుంది కూడా.

స్టేషను నుంచి సంత వీధికి కిలోమీటరుంటుందట, కొంచెం ఎత్తు. టాక్సీ దొరుకుతుందని అల్లుడు అంటాడు. ఆ వీధికి నేను నడిచే వెళతాను. అందుకే వారం నుంచి రోజూ పొద్దున మా ఇంటి దగ్గర్నుంచి పేట చివర ఉన్న గోడౌన్ల దాకా నడిచి వస్తున్నాను. మొదటి రోజు నాలుగుసార్లు ఆగాను. అమ్మాయి ఆఫీసుకు వెళ్ళేముందు బూట్ల లేసులు కట్టుకుని తనూ వస్తోంది. “మెల్లగా నాన్నా, ఇంకా ఆరువారాలుంది” అంటుంది. ఇవాళ ఒక్కసారే ఆగాను, అదీ తను ఆగమంటే.