అరవాయన హోటలు మెట్ల మీద ఒక పగలు

నా చిన్నప్పుడు ఆత్మకూరులో మా తాతయ్యను చెయ్యి పట్టుకుని నడిపించే పని నాది. స్వాతంత్ర్యం కోసం పోరాడే రోజుల్లో లాఠీ దెబ్బ తగిలి ఆయనకు ఒక కన్ను పోయింది. రెండోదానికి చూపు మసక. ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఖద్దరు మూట భుజాన వేసుకుని తిరిగినవాడు, జైలుకు పోయివచ్చినవాడు. సంతలో ఆయన వస్తుంటే బేరమాడుకునేవాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. వాళ్ళు లేచింది నాకోసమేనన్నట్టు నేను తల ఎత్తుకుని నడిచేదాన్ని.

ఆ చలికాలం ఊరంతా ఒకటే మాట. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలని మద్రాసులో ఒక పెద్దాయన అన్నం మానేసి దీక్షలో ఉన్నారు. ఒక పొద్దున నెల్లూరు నుంచి ఉదయగిరి పోయే బస్సు మా ఊళ్ళో ఆగింది. అందులోంచి దిగినవాళ్ళు ఆయన ఇక లేరని చెప్పారు. తాతయ్య మంచం మీద కూలబడ్డాడు. మసక కంటి నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

అంతలో మా అవ్వ వీధిలోంచి రొప్పుతూ వచ్చింది.

"ఏమయ్యో, నీ పెద్ద మనవడు మందిని ఎంటేసుకుని అరవాయన హోటలు మీదికి పోతా ఉండాడు. చేతుల్లో రాళ్ళు ఉండాయి!"

పెద్ద మనవడంటే మా పెదనాయన కొడుకు. నేను అన్నా అని పిలిచేదాన్ని. మంచివాడే గానీ ముక్కుమీద కోపం. ఇక ఆ హోటలు, బస్సులు ఆగే చోట తమిళ దంపతులు నడిపే కాఫీ హోటలు. నేను పుట్టకముందే మా ఊరొచ్చి స్థిరపడినవాళ్ళు. ఎన్నేళ్ళున్నా ఊరికి ఆయన అరవాయనే.

తాతయ్య లేచి పైపంచ వేసుకున్నాడు. "పదమ్మా" అన్నాడు. ఆయన అంత వేగంగా నడవడం నేను అంతకుముందు చూడలేదు. నేను నడిపించడం పోయి ఆయనే నన్ను లాక్కుపోయాడు.

మేం పోయేసరికి హోటలు తలుపులు మూసి ఉన్నాయి. ముందర పాతిక ముప్ఫై మంది కుర్రాళ్ళు. ఒక రాయి అప్పటికే తలుపుకు తగిలి చెక్క లేచిపోయింది. తాతయ్య గుంపును చీల్చుకుని పోయి మెట్లెక్కి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. నా చెయ్యి వదిలి "నువ్వు పక్కకు పో" అన్నాడు. నేను పోలేదు. ఆయన పంచె పట్టుకుని నిలబడ్డాను.

"తాతా, నువ్వు అడ్డం రావొద్దు. మద్రాసోళ్ళు ఆయన్ని చంపేసినారు" అని అన్న అరిచాడు. అరుస్తూనే ఏడుస్తున్నాడు.

తాతయ్య తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "కోపం రావాల్సిందే రా. రాకపోతే మనం మనుషులమే కాదు" అన్నాడు. ఆ మాటకు గుంపు కొంచెం సద్దుమణిగింది. "ఆయన కోసమే గదా వచ్చినారు? అట్టయితే ఆయన చేసిన పని ఒక్క పగలు చేయండి. పొద్దు గూకేదాకా పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టకుండా నాతో ఈడ కూర్చోండి. రాళ్ళు పారేయబాకండి, ఒళ్ళో పెట్టుకోండి. పొద్దుగూకినాక గూడా ఎయ్యాలనిపిస్తే నేనే పక్కకు జరుగుతా."

ఒక్కొక్కరే కూలబడ్డారు. అన్న మాత్రం తాతయ్యకు ఎదురుగా, అందరికంటే పెద్ద రాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంది. చలికాలమైనా మా మెట్ట సీమ ఎండ ఎండే. కొందరు ఏదో పనుందని జారుకున్నారు. ఉన్నవాళ్ళు మాటిమాటికీ ఒళ్ళో రాయి సర్దుకుంటున్నారు. తాతయ్య తన జైలు సంగతులు చెబుతూ కూర్చున్నాడు. పురుగుల సంకటి గురించి, నవ్వు పుట్టించే ఒక జైలు వార్డరు గురించి.

ఉన్నట్టుండి అన్న అడిగాడు. "నీ కన్ను పోగొట్టినోడి మీద నీకు కోపం రాలేదా తాతా?"

"రాకుండా ఎట్టుంటది రా? నిద్రపట్టేది కాదు. జైల్లో రాట్నం ఇచ్చినారు. ఆ కోపంతో వడికితే దారం తెగతానే ఉండె. మళ్ళీ అతకడం, మళ్ళీ తెగడం. నా చెయ్యి నిమ్మళించినాకనే నూలు నిలబడింది. ఆ నూలుతో నేసిన పంచెతోనే ఇంటికొచ్చినా."

అన్న తల దించి ఒళ్ళో రాయి కేసి చూసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా మా వెనక తలుపు గడియ తీసిన చప్పుడైంది. హోటలమ్మ చెంబుతో నిమ్మరసం పట్టుకుని బయటికొచ్చింది. వెనకాలే ఆయన, చేతిలో గ్లాసులు. ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

"దీక్ష చేసినవాళ్ళకు నిమ్మరసం ఇవ్వాల గదా" అంది ఆమె. తర్వాత కొంగుతో కళ్ళద్దుకుని, "మా ఇంట్లో గూడా పొద్దున్నించి పొయ్యి ఎలిగించలా అన్నా. ఆ పెద్దాయన మాకు మాత్రం పరాయోడా?" అని తాతయ్యతో అంది.

తలుపుకు ఇవతల మేమూ అవతల వాళ్ళూ పగలంతా ఒకే మనిషి కోసం పస్తున్నామని అప్పుడే అందరికీ తెలిసింది. అన్న ఒళ్ళో రాయిని మెల్లగా కింద పెట్టి లేచాడు. మొదటి గ్లాసు ఆమె చేతిలోంచి తనే అందుకున్నాడు. "తప్పయిపోయింది పెద్దమ్మా" అన్నాడు. ఆమె అతని తల నిమిరింది. తాతయ్య అందరికంటే చివర తాగాడు.

ఇంటికి వస్తూ, వాళ్ళు కూడా పస్తున్నారని నీకు ముందే తెలుసా అని అడిగాను. "మెట్లెక్కంగానే తెలిసింది. ఏ పూటైనా ఆ గడపలో కాఫీ వాసన రాకుండా ఉండాదా? ఈ పొద్దు రాలా." అన్నాడు. మరి ఆ మాట అప్పుడే చెప్పలేదేమని అడిగితే నవ్వాడు. "నేను చెప్తే వాళ్ళు చెవులతో విని వదిలేసేవోళ్ళు. ఇప్పుడు వాళ్ళే చూసినారు."

మరుసటి ఏడు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఊళ్ళో మిఠాయిలు పంచే పని అన్నా, హోటలాయనా కలిసి చేశారు. ఆ వేళ ఊరంతా తాతయ్యకు దండలు వేస్తుంటే నాకు గర్వమనిపించింది గానీ, ఆ హోటలు మెట్ల మీద అనిపించినంత కాదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఎవరైనా ఒక ఊరివాళ్ళనో ఒక భాషవాళ్ళనో కలిపి 'వాళ్ళంతా ఇంతే' అని తిడుతుంటే నేను వాదానికి దిగను. వాళ్ళలో ఒక్కరి గడప దాకానైనా పోయివచ్చారా అని మాత్రం అడుగుతాను. మా మనవలకు కోపమొచ్చినా అంతే, పక్కన కూర్చోబెట్టుకుంటాను, సాయంత్రం దాకా లేవనివ్వను.