మా అత్త ఎంచిన సాల్మన్ రాడ్డు

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున్నే టీ తాగి, కొట్టు తియ్యడానికి చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలోనే కూలబడిపోయింది. నేను ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో ఉన్న మా ఫ్యాక్టరీ నుంచి బస్సు పట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. డెబ్బై నాలుగేళ్ళు. ఒక్కరోజు కూడా మంచాన పడి ఎవరిచేతా చేయించుకోలేదు, అందుకు సంతోషించమని అందరూ అంటున్నారు. నాకింకా ఆ సంతోషం రాలేదు.

మీలో ఎవరైనా ఇక్కడ బర్మాలో, లమ్మడా బజారులో గాలం సామాన్లు కొని ఉంటే ఆవిడని ఎరిగే ఉంటారు, చీవాట్లూ తినే ఉంటారు. మావయ్య పోయాక ఆ కొట్టు ఒక్కతే నడిపింది. ఎవరైనా వచ్చి పెద్ద చేపలకి పెద్ద రాడ్డు ఇవ్వమంటే ఇచ్చేది కాదు. తనలో సగం వయసువాడినైనా బర్మావాళ్ళలా "కో", అంటే అన్నా అని మర్యాదగా పిలిచి కూర్చోబెట్టి, ఎక్కడ పడతావు, గట్టు మీంచా పడవలోంచా, నిలబడా కూర్చునా అని ఆరా తీసేది. తర్వాత నీళ్ళ సీసా ఒకటి దారానికి కట్టి, రాడ్డుతో ఎత్తి చూపించమనేది. చెయ్యి వణికిందా, ఆ రాడ్డు మళ్ళీ గోడెక్కేది. దారం చుట్టే రీళ్ళయితే చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, "ఇది ఇసక తిన్నాది" అని పక్కన పడేసేది. వచ్చినవాళ్ళకి విసుగు పుట్టేది. చేప పడ్డాక మాత్రం ఫొటో పట్టుకుని మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

మూడేళ్ళ కిందట నాకు పక్షవాతం తగిలింది. మనిషిని లేచాను గానీ కుడి చెయ్యి లేవలేదు. నేను బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్ని. కత్తెర పట్టలేని కటింగ్ మాస్టర్ ఎవరికి కావాలి? పిసకమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని మూలకి విసిరేసి, గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు నన్ను పలకరించడానికే భయపడేవారు.

ఒక ఆదివారం అత్త వచ్చి, దుప్పటి లాగేసి, నన్ను కొట్టుకి తీసుకుపోయింది. గోడ మీద అన్నిటికన్నా పైన ఉన్న రాడ్డు దించింది. పదిన్నర అడుగుల పొడవు, మూరెడు పిడి. ఎప్పుడో ఏదో సరుకులో కలిసి వచ్చింది. చల్లటి దేశాల నదుల్లో సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలు పట్టడానికి చేసింది. మా బురద నదిలో అవెక్కడివి? ఏళ్ళ తరబడి దానివంక చూసినవాడు లేడు. అమ్ముడుపోని సరుకు నాకు అంటగడుతోందని ఒళ్ళు మండిపోయింది.

"నన్ను ఆటపట్టించడానికి తెచ్చేవేటి అత్తా? సెయ్యే లేనోడికి ఇంత రాడ్డేటి?"

"సేప సంగతి నీకెందుకురా? ఆ పిడి సూడు. ఆ సేపలు గంటసేపు గుంజుతాయట. మణికట్టు ఆగదని, మోసేతి కింద పెట్టుకోడానికి పిడి పొడుగ్గా సేసేరు. బరువంతా ఎడం సెయ్యి మోస్తాది. కుడి సెయ్యి రీలు తిప్పితే సాలు."

తేలికపాటి రీలు ఒకటి తెచ్చి, హ్యాండిల్ మర విప్పి కుడివైపుకి మార్చింది. నా వేళ్ళకి అందేలా దానికి లావుపాటి గుండు తొడిగింది. "ఊరికే కూచోబెట్టేవంటే అది కూచోడమే నేర్సుకుంటాది" అంది నా చేతిని చూస్తూ.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే సేక్కాన్ వైపు నది ఒడ్డుకి వెళ్ళేవాళ్ళం. గాలం ఆవిడ విసిరేది, నేను చుట్టేవాణ్ణి. మొదట్లో వేళ్ళతో కాదు, అరచేత్తో నెట్టేవాణ్ణి. ఏం పడ్డాయని పడవవాళ్ళు అడిగితే "ఈరోజు రెండు వేళ్ళు" అని బర్మా భాషలో జవాబిచ్చేది. వాళ్ళు తెల్లబోయి చూసేవారు.

మూడో నెలలో ఒక జెల్ల పడింది. మంచి బరువు. ఒడ్డుదాకా లాక్కొచ్చాను, గాలం ఊడి చేప పోయింది. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"ఎందుకేడుస్తావు? నువ్వు వొదిలేవా? నాలుగు వేళ్ళూ పట్టుకునే ఉన్నాయి, నాను సూసేను కదా!"

ఏడాదికి మళ్ళీ కత్తెర పట్టాను. సన్నపని ఇప్పటికీ కుదరదు. కొత్తగా చేరిన అమ్మాయిలకి పని నేర్పుతున్నాను. కత్తెర ఇచ్చేముందు వాళ్ళ చేతులు చూస్తాను. అది అత్త దగ్గర అబ్బిన చాదస్తం, నవ్వుకుంటే నవ్వుకోనీ. ఆవిడ నాకు చెయ్యి ఇచ్చింది. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీదు.

అత్తకి పిల్లలు లేరు. నిన్న అస్థికలు నేనే నదిలో కలిపాను. కుడిచేత్తోనే వదలాలన్నారు పంతులుగారు. నా సంగతి తెలుసు కనక, పడవలో ముందుకి వంగి నా మణికట్టు పట్టుకోబోయారు. అక్కర్లేదన్నాను. కుండలోంచి పిడికెడు తీశాను. చిటికెడు కూడా జారలేదు. నీళ్ళమీదికి చెయ్యి చాపి, వదలబుద్ధి కాక కాసేపు అలాగే ఉంచాను. తర్వాత చిటికెనవేలు మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పాను. అయిదూ నా మాట విన్నాయి.