కొసదాకా చేరిన చల్లదనం

మా పిన్ని పోయింది. మొన్న ఉదయం సిప్పీఘాట్‌లో తన ఇంట్లో టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. మళ్ళీ లేవలేదు. అబర్డీన్ బజార్‌లో ఇనుప సామాన్ల దుకాణం ఆయనకు చెబితే, “దీదీయా? మేం అమ్మే డ్రిల్లు బిట్లు ఇన్నాళ్ళు మన్నుతున్నాయంటే ఆమె చలవే కదా!” అన్నాడు.

పిన్నికి బ్రూక్షాబాద్‌లో పడవలు బాగుచేసే వర్క్‌షాపు ఉండేది. నేనూ అక్కడే పనిచేశాను. డ్రిల్లింగ్ మిషన్ ముందుకు రాగానే గాజులు తీసి మేకుకు తగిలించేది. కన్నం వేసే బిట్ వేడెక్కితే చప్పుడును బట్టే పట్టేసేది. “అరుస్తోందే, ఆపు” అనేది.

ఒక వానాకాలం గాలులు ఎక్కువై, మా దీవికి సరుకు తెచ్చే చెన్నై ఓడ రాలేదు. అప్పుడే ఒక జాలరి పడవకు చుక్కానిని పట్టి ఉంచే స్టీలు పలక విరిగింది. కొత్త పలకకు కన్నాలు వేయబోతే, గట్టి స్టీలు కదా, బిట్ల కొసలు మాడిపోతున్నాయి. కొత్త బిట్లు ఓడలోనే రావాలి.

“దీదీ, పడవ ఒడ్డునుంటే మేం ఏటి తినాల?” అన్నాడతను.

“రుకో భయ్యా, ఆగు” అని పిన్ని మాడిన బిట్‌ను వెలుగులో తిప్పి చూసింది. “చల్లబడ్డానికి మనం పోసే నూనెనీళ్ళు పైపైనే పోతున్నాయే. కోసే అంచుకి అందట్లేదు. దారి చెయ్యాల.”

నూనెనీళ్ళు దిగేలా గ్రైండర్ మీద ఆ బిట్ అంచు వెనకగా సన్నని గాడి తీసింది. గాడి లోతెక్కువై అంచు విరిగింది. తిట్టుకుంటూనే మిగిలిన ఒకే ఒక్క మంచి బిట్ అందుకుంది. ఈసారి గాడి తేలిగ్గా, అంచుకు కాస్త దూరంగా తీసింది.

మిషన్ తిరిగింది. అరుపు లేదు, పొగ లేదు. మాడి నీలంగా వచ్చే స్టీలు పొట్టు తెల్లగా మెరుస్తూ చుట్టలు చుట్టుకుంది. పలకకు కన్నాలన్నీ పూర్తయ్యాక మిషన్ ఆపి, బిట్ కొసను వేలితో తాకి పకపకా నవ్వింది. “పట్టుకో, కాల్దు!”

తర్వాత పక్క వర్క్‌షాపుల వాళ్ళు వచ్చారు. అందరికీ నేర్పింది. ఎందుకని అడిగితే, “దాచుకుంటే నాతోనే పోద్ది కదే” అంది.

నాకు మాత్రం పలక బిగించిన ఆ సాయంత్రమే కళ్ళలో ఉంది. జాలరి చుక్కాని తిప్పగానే పడవ నురగలు చిమ్ముతూ గుండ్రంగా తిరిగింది. ముందువైపు నిలబడి, నూనె చేతులు పైకెత్తి, తడిసి ముద్దయిన పిన్ని అరుస్తోంది: “ఔర్ ఏక్ బార్, భయ్యా! ఇంకోసారి తిప్పు!”